చందమామ కోసం క్లిప్పు లైటు

నల్గొండ ప్రకాశం బజార్లో 350 రూపాయలకు కొన్న చార్జింగ్ లైటు ఇది. పిల్లల చదువు కోసమని అమ్ముతున్నారు. నేను మాత్రం డాబా మీద టెలిస్కోపు పక్కన పెట్టుకోవడానికి తెచ్చాను. "చందమామను చూడనీకి మల్లా లైటెందుకురా?" అని అమ్మ నవ్వింది.

ఎందుకంటే, కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది. మసక నెబ్యులాలకు (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలకు) ఆ అలవాటు కావాలి, చంద్రుడికి అక్కర్లేదు. చీకట్లో నుంచి నేరుగా ఐపీస్‌లో (టెలిస్కోపులో కన్ను ఆనించి చూసే కటకంలో) కన్ను పెడితే, నా ఆరు అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోపులో చంద్రుడు కళ్లు జిగేల్‌మనిపిస్తాడు, ఆ తర్వాత ఆ కంటికి మెట్లు కూడా సరిగ్గా ఆనవు. చుట్టూ కాస్త తెల్లటి వెలుగుంటే కంట్లో పగటిచూపుకు పనికొచ్చే కోన్ కణాలే నడుస్తుంటాయి. సన్నటి వివరాలు, రంగులు పట్టేది అవే.

తేడా బాగా తెలిసింది అష్టమి మరునాడు. చంద్రుడి మీద 110 కిలోమీటర్ల పొడవున్న స్ట్రెయిట్ వాల్ అనే కొండచరియ పెన్సిల్‌తో గీసినట్టు నల్లగా, తెగకుండా కనిపించింది. చంద్రుడి మీది లావా మైదానాల్లో ఒకటైన మారె ట్రాంక్విలిటాటిస్, పక్కనున్న మారె సెరెనిటాటిస్ కంటే కొంచెం నీలంగా ఉందని కూడా పట్టుకోగలిగాను. అక్కడి లావాలో టైటానియం ఎక్కువ, అందుకే ఆ రంగు. చంద్రుడి వెలుగు తగ్గించడానికి టెలిస్కోపుతో వచ్చిన మూన్ ఫిల్టర్ తీసి డబ్బాలో పడేశాను.

ఇక లైటు సంగతి. మెడ ఎటు వంచితే అటు ఆగుతుంది, అది మంచి విషయం. వెలుగు ఐపీస్ గాజు మీద పడితే మెరుపులొచ్చి చూపు చెడుతుంది కాబట్టి, సున్నం వేసిన మెట్లగది గోడకేసి తిప్పి పెడతాను. చార్జింగ్ అష్టమి చంద్రుడు దిగే అర్ధరాత్రి దాకా ఆగుతుంది. చిరాకు తెప్పించేది బటన్. ఎప్పుడు నొక్కినా ఫుల్ తెలుపుతోనే మొదలవుతుంది, నొక్కిపట్టి తగ్గించుకోవాలి. వానాకాలంలో ఉసిళ్లు ముసురుతాయి, పసుపు రంగుకు మారిస్తే కొంత నయం. క్లిప్పు పిట్టగోడకు పట్టదు, ప్లాస్టిక్ కుర్చీ చేతికే పెట్టాలి, అక్కడా జారుతుంది. క్లిప్పు గట్టిగా ఉన్నది దొరికితే ఇంకో యాభై ఎక్కువిచ్చినా నష్టం లేదు.