మెడ బిళ్లకు సూది పరీక్షా, బయాప్సీయా?

మెడలో కట్టిన బిళ్ల వారాలు గడిచినా కరగక, ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చేవాళ్లకు మామూలుగా ముందు చేసేది సూది పరీక్ష, ఎఫ్ఎన్ఏసీ. 22 నుంచి 25 గేజ్ సన్నటి సూదితో కణాలు లాగి స్లైడు మీద పరుస్తారు. కోత లేదు, కుట్లు లేవు. క్షయకు, వేరే చోటి నుంచి పాకిన క్యాన్సర్‌కు చాలావరకు ఇది చాలు. చీములాంటిది వస్తే పారేయకుండా, క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే సీబీనాట్ పరీక్షకు పంపాలి.

చిక్కంతా లింఫోమా, అంటే లింఫ్ కణాల క్యాన్సర్ దగ్గరే. మెడలో ఇలా బిళ్ల కట్టేది మామూలుగా లింఫ్ గ్రంథే. లింఫ్ గ్రంథిలో కణాలు ఎక్కడపడితే అక్కడ ఉండవు. ప్రత్యేకమైన చిన్న సిరల గోడ దాటి లోపలికి వచ్చాక, సీసీఎల్21 అనే రసాయన సంకేతం పట్టుకుని టీ రకం తెల్ల రక్తకణాలు పారాకార్టెక్స్ అనే లోపలి భాగానికి, సీఎక్స్‌సీఎల్13 అనే మరో సంకేతం వెంట బీ రకం కణాలు ఫాలికిల్స్ అనే గుండ్రటి గుంపులకు చేరతాయి. ఈ ఫాలికిల్స్‌లో పుట్టే ఫాలిక్యులర్ లింఫోమాలో విడి కణం దాదాపు మామూలుగానే కనిపించొచ్చు. ఫాలికిల్స్ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గ్రంథంతా నిండటమే అసలు ఆనవాలు. సూదిలోకి వచ్చేసరికి ఆ అమరిక చెదిరిపోతుంది. అందుకే రిపోర్టులో 'రియాక్టివ్' (క్యాన్సర్ కాని మామూలు వాపు) అని ఉన్నా బిళ్ల పెరుగుతుంటే, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే ఊరుకోవద్దు. బయాప్సీకి గ్రంథిని పైపొరతో సహా మొత్తం తీయించాలి, అదీ స్టెరాయిడ్లు మొదలుపెట్టకముందే.

తీసిన గ్రంథి సీసాలోనూ పాడవుతుంది. కణజాలం కుళ్లకుండా వేసే ఫార్మాలిన్ ద్రవం గంటకు సుమారు 1 మిల్లీమీటరే లోపలికి దిగుతుంది. కోయకుండా వేస్తే, అందులోనూ మన ఎండల్లో, మధ్యభాగం చెడుతుంది. రెండుగా కోసి, ముక్కకు 10 రెట్లు 10 శాతం ఫార్మాలిన్ పోయాలి. క్షయ కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు పంపే ముక్కను మాత్రం సెలైన్‌లోనే వేయాలి. ఫార్మాలిన్ తగిలితే క్రిమి చస్తుంది, కల్చర్‌లో ఏమీ పెరగదు.