గెటీస్‌బర్గ్‌కి వెళ్తే గైడ్ ఖర్చు దగ్గర వెనకాడకండి

అమెరికా అంతర్యుద్ధం గురించి ఎంత చదివినా, ఎవరు ఏ గుట్ట మీద నిలబడ్డారో కళ్ళారా చూస్తే గానీ పూర్తిగా అర్థం కాదు. పెన్సిల్వేనియాలోని గెటీస్‌బర్గ్ చూశాక ఈ మాట గట్టిగా చెప్పగలను. 1863 జూలై 1 నుంచి 3 వరకు ఇక్కడ జార్జ్ మీడ్ నాయకత్వంలోని ఉత్తరాది సైన్యం, రాబర్ట్ లీ నడిపిన దక్షిణాది సైన్యం తలపడ్డాయి. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, పట్టుబడ్డవాళ్ళు, ఆచూకీ దొరకనివాళ్ళు, రెండు వైపులా కలిపి దాదాపు 51,000 మంది.

యుద్ధభూమి చూడటానికి టికెట్ లేదు. 24 మైళ్ళ కారు రూటుంది, ఆగాల్సిన చోట్ల నంబర్ బోర్డులూ ఉన్నాయి. కానీ 1,300కు పైగా స్మారకాలున్న చోట ఏది ఎవరిదో తెలియక తికమక పడతాం. అందుకే లైసెన్స్ ఉన్న గైడ్‌ని ముందే బుక్ చేసుకోండి. వీళ్ళు కఠినమైన పరీక్ష పాసైనవాళ్ళు. మన కారే తాము నడుపుతూ రెండు గంటలసేపు వివరిస్తారు. ఈ ట్రిప్‌లో పెట్టిన డబ్బులో దీనికి పెట్టిందే పూర్తిగా గిట్టుబాటయింది.

మా గైడ్ మొదట చూపించింది ఉత్తరాది సైన్యం బారులు తీరి నిలబడ్డ వరస. అది చేపల గాలంలా వంపు తిరిగి ఉంటుంది. లోపలివైపు ఉన్నవాళ్ళు కాబట్టి ఒక కొస నుంచి ఇంకో కొసకి మనుషుల్ని చప్పున పంపగలిగారు. లీ సైన్యం ఆ వంపు చుట్టూ బయటవైపు పరుచుకుంది. వరస పొడుగు, మనుషులు తక్కువ, కబురు అందడం ఆలస్యం. లీ ఎందుకు ఓడిపోయాడన్న ప్రశ్నకి సగం జవాబు ఆ నేలలోనే ఉంది.

లిటిల్ రౌండ్ టాప్ గుట్టకి పొద్దున్నే వెళ్ళండి, పార్కింగ్ చాలా తక్కువ. చాలాకాలం మూసేసి పనులు చేసి 2024లో మళ్ళీ తెరిచారు, దారులు బాగున్నాయి. జూలై 2న తూటాలు అయిపోవస్తుంటే ఉత్తరాది వైపు మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన 20వ రెజిమెంట్ బాయొనెట్లతో (తుపాకీ మొనకి బిగించే కత్తులు) కిందికి దూకిన వాలు ఇదే.

కారు దిగి తప్పకుండా నడవాల్సిన చోటు ఒకటుంది. జూలై 3న సుమారు 12,500 మంది దక్షిణాది సైనికులు దాటబోయిన మైదానం. వర్జీనియా స్మారకం దగ్గర మొదలుపెడితే దాదాపు మైలు దూరం. దూరం నుంచి చదునుగా కనిపిస్తుంది గానీ నడుస్తుంటే నేల దిగుతూ లేస్తూ ఉంటుంది. పల్లంలో ఉన్నంతసేపు ఎదుటి గట్టు కనిపించదు, పైకి రాగానే మొత్తం బయటపడిపోతాం. ఎమిట్స్‌బర్గ్ రోడ్డు పక్కన కర్ర కంచెలుంటాయి. వాటిని ఎక్కి దిగుతుంటేనే ఎంతోమంది నేలకూలారు. ఆ తర్వాత చిన్న ఇనుప గుళ్ళు కూరిన రేకు డబ్బాలు ఫిరంగుల్లోంచి దగ్గర నుంచే పేలాయి. అక్కడ నిలబడితే కడుపులో దేవినట్టయింది.

నడక అయిపోయే చోటికి కాస్త ఎడమవైపున చిన్న తెల్ల ఇల్లు ఉంది. చాలామంది ఫోటో కూడా తీసుకోకుండా వెళ్ళిపోతున్నారు. అది అబ్రహాం బ్రయన్ అనే బానిస కాని, స్వతంత్రుడైన నల్లజాతి రైతుది, 12 ఎకరాల ఆసామి. పెన్సిల్వేనియాలోకి వచ్చిన లీ సైన్యం నల్లవాళ్ళని పట్టుకుని బానిసలుగా దక్షిణాదికి తోలుకుపోయింది. ఆ భయంతో ఆయన కుటుంబంతో సహా ముందే పారిపోయాడు. తిరిగొచ్చేసరికి పంటా కంచెలూ నాశనం. 1,028 డాలర్ల నష్టపరిహారం అడిగితే 15 డాలర్లు చేతిలో పెట్టారు. ఈ యుద్ధం దేనికోసం జరిగిందో తెలియాలంటే ఈ ఇంటి ముందు ఆగాలి.

విజిటర్ సెంటర్లో మ్యూజియానికి టికెట్ ఉంది, కొనండి. 377 అడుగుల పొడవున గుండ్రంగా చుట్టి ఉండే సైక్లోరమా చిత్రం మధ్యలో నిలబడితే నడిచిన మైదానమంతా మళ్ళీ కనిపిస్తుంది. ఊళ్ళో ష్రైవర్ హౌస్ కూడా బాగుంది. అటక మీద దక్షిణాది తుపాకీవాళ్ళు మాటువేసిన ఇల్లు అది. సాయంత్రాలు నడిపే దెయ్యాల టూర్లు మాత్రం నాకు నచ్చలేదు. ఇంతమంది చచ్చిపోయిన నేల మీద కేకలు పెట్టించి డబ్బు వసూలు చేయడం బాధనిపించింది.

బస విషయానికొస్తే, లింకన్ స్క్వేర్ చుట్టుపక్కల రేటు ఎక్కువైనా అన్నీ నడిచే దూరం. మేం డబ్బు కలిసొస్తుందని హైవే పక్క మోటెల్ తీసుకున్నాం. గదిలో తేమ వాసన, ఏసీ రాత్రంతా రొద, అడిగితే పట్టించుకున్నవాళ్ళు లేరు. జూలై మొదటి వారంలో వెళ్ళేవాళ్ళు నెలల ముందే బుక్ చేసుకోవాలి.

కారులో గంట దూరంలో మేరీల్యాండ్‌లో ఇదే అంతర్యుద్ధానికి చెందిన మరో యుద్ధభూమి ఆంటీటమ్ ఉంది. 1862 సెప్టెంబర్ 17న ఒక్క రోజులో దాదాపు 23,000 మంది చనిపోయారు, గాయపడ్డారు, గల్లంతయ్యారు. బర్న్‌సైడ్ వంతెన చూడండి. ఎదుటి గట్టు మీద 500 మంది లోపే ఉన్న దక్షిణాది జార్జియా రాష్ట్ర సైనికులు, తమకంటే ఎన్నోరెట్లు పెద్ద ఉత్తరాది సైన్యాన్ని గంటల తరబడి ఆపేశారు. ఈ ఇరుకు వంతెన మీదే. పార్కులో జనం చాలా తక్కువ, ఎంట్రీ ఫీజు ఉంది. తినడానికి ఏమన్నా వెంట తీసుకెళ్ళండి. ఒక్కచోటికే వీలైతే గెటీస్‌బర్గ్ అంటాను. రద్దీ పడనివాళ్ళు మాత్రం నేరుగా ఆంటీటమ్‌కే వెళ్ళండి.