మునిగిన కార్లను కడిగి అమ్ముతున్నారు: సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు జాగ్రత్త

సెకండ్ హ్యాండ్ కారు కోసం తిరుగుతున్నవాళ్లు, ముఖ్యంగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలు, ఖమ్మం వైపు ఉన్నవాళ్లు, దయచేసి ఇది చదివాకే టోకెన్ డబ్బులు ఇవ్వండి. వరద నీళ్లలో రోజుల తరబడి నానిన కార్లను శుభ్రంగా కడిగి, సీటు కవర్లు మార్చి, పాలిష్ కొట్టి, ‘షోరూం ట్రాక్ బండి’, అంటే షోరూంలోనే సర్వీసు చేయించిన బండి అని అమ్ముతున్నారు. అలాంటిదొకటి మా ఇంటికి వచ్చింది. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, అందులో మా అమ్మని, పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద తిరిగామన్న బాధ ఒక ఎత్తు.

బండి 2021 మోడల్, పెట్రోలు. ఏపీ 39 నంబరు. పేరున్న ఆటో కన్సల్టెన్సీలో చూశాం. పేరు రాయను, వ్యవహారం ఇంకా ఫిర్యాదులో ఉంది. గీత లేదు, సొట్ట లేదు, లోపల కొత్త బండి వాసన. తెలిసిన మెకానిక్‌ని కూడా తీసుకెళ్లాం. బానెట్ ఎత్తాడు, ఆయిల్ స్టిక్ తీసి చూశాడు, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, ఊరి బయట దాకా నడిపి వచ్చి ‘ఇంజను బ్రహ్మాండంగా ఉందండి, కళ్లు మూసుకుని తీసుకోండి’ అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఇంజను ఇవాళ్టికీ బాగానే ఉంది.

మొదటి వానలకే మొదలైంది. ముందు డ్రైవరు వైపు అద్దం సగంలో ఆగిపోయింది. తర్వాత అర్ధరాత్రి దానంతటదే లాక్ పడి, తీసి, మళ్లీ పడేది. ఆ తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. ఒక సాయంత్రం రావులపాలెం దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కబోయే ముందు స్టీరింగ్ ఒక్కసారిగా బండబారిపోయింది. పక్కన లారీ. రెండు చేతులతో బలమంతా పెట్టి తిప్పితే గానీ బండి పక్కకి రాలేదు. వెనక సీట్లో అమ్మ దేవుణ్ణి తలుచుకుంటోంది.

షోరూంలో ఒక పార్టు మార్చాలన్నారు, తర్వాత ఇంకోటన్నారు. చివరికి ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన బానెట్ జోలికే పోలేదు. డ్రైవరు సీటు నాలుగు బోల్టులు విప్పి, సీటు వెనక్కి వాల్చి, కింద కార్పెట్ పైకి లేపాడు. కార్పెట్ పైన తళతళ, అడుగున ఆరిపోయిన బూడిద రంగు ఒండ్రు, వేలితో రాస్తే పౌడరులా అంటుకుంది. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఒకటి ఉంటుంది, ఎయిర్‌బ్యాగుకి, సీటు బెల్టుకి సంబంధించింది. అది లాగి చూపించాడు. లోపలి పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ‘ఇది మునిగిన బండి సార్. ఇవాళ ఇది బాగుచేస్తే రేపు ఇంకోటి పోతుంది’ అన్నాడు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడ్డప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు కార్లు ఎలా మునిగాయో మనమందరం టీవీల్లో చూసినవాళ్లమే. అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు. అంతకుముందు 2020 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. 2015లో చెన్నై. నీళ్లు తీశాక ఆ బండ్లన్నీ ఎటు పోయాయని మనం ఎప్పుడైనా ఆలోచించామా?

జరిగేది ఇది. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన ఐడీవీలో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ ఆ బండిని టోటల్ లాస్ కింద లెక్కగట్టి ఓనరుకి సెటిల్ చేస్తుంది. ఓనరు తప్పేమీ లేదు, ఆయన నష్టపోయి బయటపడ్డాడు. మిగిలిన బండిని సాల్వేజ్, అంటే పాడైన సరుకు కింద కొనేవాళ్లు ఉంటారు. ఆర్సీ రద్దయిపోతే అది స్పేర్ పార్టులకో తుక్కుకో వెళ్తుంది. ఆర్సీ బతికి ఉన్నదయితే మాత్రం కాగితాల మీద అది మామూలు కారే. లోపలంతా పీకి, వాటర్ సర్వీసింగ్ చేయించి, ఎండబెట్టి, ఆయిళ్లన్నీ మార్చి, ఇంకో ఊళ్లో ఇంకొకరి పేరు మీదకి బదిలీ చేసి, అక్కడి నుంచి మన దాకా తెస్తారు. ఇళ్ల ముందు ఆపి ఉన్న బండ్లే ఎక్కువగా మునిగాయి కాబట్టి, నీళ్లలో స్టార్ట్ చేయలేదు కాబట్టి, చాలావాటికి ఇంజను దక్కుతుంది. అందుకే మెకానిక్ పాసు చేస్తాడు. పోయేది వైరింగు. ఇప్పటి బీఎస్ 6 బండ్లలో కాలు పెట్టే చోట, సీట్ల కింద, మధ్య కన్సోల్ అడుగున అంతా వైర్లు, సెన్సర్లే. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో ఆ కన్సోల్ కిందే ఉంటుంది. మోకాలి లోతు నీళ్లు లోపలికి వస్తే చాలు, అది తడుస్తుంది. చిలుము వెంటనే కనపడదు, నెలల మీద తింటూ పోతుంది.

కాబట్టి నా మాట ఒకటే. బండి చూడ్డానికి మెకానిక్ ఒక్కణ్ణే కాదు, ఆటో ఎలక్ట్రీషియన్‌ని కూడా తీసుకెళ్లండి. ఆయనకి వెయ్యో రెండు వేలో ఇచ్చినా పర్లేదు. కార్పెట్ ఎత్తనివ్వం, సీటు విప్పనివ్వం అని అమ్మేవాడు అంటే అక్కణ్ణించే వెనక్కి వచ్చెయ్యండి.

మీ అంతట మీరు చూసుకోగలిగినవీ ఉన్నాయి. సీటు బెల్టు చివరి దాకా బయటికి లాగండి. మనం రోజూ వాడేది పై భాగమే, అడుగు భాగం ఎప్పుడూ చుట్టుకునే ఉంటుంది. నీటి చార, మట్టి రంగు అక్కడే దొరుకుతుంది. అమ్మేవాళ్లకీ ఈ సంగతి తెలుసు, అందుకని కొందరు బెల్టులే మార్చేస్తున్నారు. అందుకే బెల్టు అడుగున కుట్టిన చిన్న లేబుల్ మీద తయారీ తేదీ చూడండి. కారు 2021ది, బెల్టులు నాలుగూ 2024వి అయితే ఎందుకు మార్చారో చెప్పించండి. మా బండిలో ఇదే జరిగిందని తర్వాత చూస్తే తెలిసింది.

డిక్కీలో స్టెప్నీ తీసి, ఆ గుంట అడుగున రబ్బరు మూత చుట్టూ చూడండి. అక్కడ ఇసుక ఉండటానికి కారణం లేదు. సీటు జరిగే పట్టాల కింద, పెడల్స్ పైన ఉండే స్ప్రింగుల మీద, డ్యాష్‌బోర్డు అడుగున స్క్రూల మీద తుప్పు ఉందా చూడండి. ఎండలో, వానలో తిరిగే బండికి తుప్పు పడితే బయటి భాగాలకి పడుతుంది. లోపల, కాలి దగ్గర స్క్రూకి తుప్పు పట్టిందంటే అనుమానించాలి. కారు వాసన మరీ కొత్తగా, సెంటు కొట్టినట్టు ఉంటే, అద్దాలన్నీ ఎక్కించి ఏసీ ఆపేసి, ఎండలో కాసేపు ఉంచమనండి. మునిగిన బండయితే తలుపు తీయగానే తడి గోనె వాసన వస్తుంది.

ఇంకొకటి, ఇది ప్రాణాల మీదకొచ్చే విషయం. తాళం తిప్పి ఆన్ చేయగానే, ఇంజను స్టార్ట్ చేయకముందు, మీటరు దగ్గర ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉందని. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా ప్రమాదం, ఆ లైటునే చంపేసి ఉండొచ్చు. స్కానర్ పెట్టి ‘చూడండి, ఒక్క ఎర్రర్ కూడా లేదు’ అని చూపిస్తారు. మీరు రాకముందే వాటిని చెరిపేయడం నిమిషాల పని. ఒక గంటసేపు నడిపాక మళ్లీ స్కాన్ చేయించండి.

ఇక కాగితాలు. ఏపీలో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరస వచ్చాక నంబరు ప్లేటు చూసి ఏ ఊరి బండో చెప్పలేం. ఏపీ 16 అంటే విజయవాడ అనుకునే రోజులు పోయాయి. ఆర్సీలో ఉండే చిరునామా, ఎన్నో ఓనరు, ఏ నెలలో పేరు మారింది అన్నవి చూడండి. వరద వచ్చిన కొద్ది నెలల్లోనే బండి చేతులు మారి, ఆ రెండో ఓనరు పట్టుమని ఆర్నెల్లు కూడా వాడకుండా అమ్మేస్తుంటే, మొదటి ఓనరుతో ఒక్కసారి ఫోన్లో మాట్లాడించమని అడగండి. నిజాయతీగా బండి వాడుకున్న మనిషి మాట్లాడటానికి ఎందుకు భయపడతాడు?

నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చే కాగితం పాత ఇన్సూరెన్స్ పాలసీలు. ఒక్క ఇప్పటిది కాదు, వెనకటి మూడేళ్లవి అడగండి. ప్రతి పాలసీలో నో క్లెయిమ్ బోనస్ శాతం రాసి ఉంటుంది. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20, తర్వాత 25, 35, 45, చివరికి 50 దాకా పెరుగుతుంది. అలా పెరుగుతూ వచ్చింది ఒక ఏడాది ఉన్నట్టుండి సున్నా అయిందంటే, దానికి ముందు ఏడాది ఆ బండి మీద క్లెయిమ్ తీసుకుని ఉండొచ్చు. ఓనరు మారినా, పాలసీ అయిపోయి 90 రోజులు దాటినా కూడా సున్నా అవుతుంది, కాబట్టి కారణం అడిగి తెలుసుకోండి. మధ్యలో కొన్ని నెలలు పాలసీయే లేకపోవడం, మూడు నాలుగేళ్ల బండికి ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి ఇచ్చేది) లేకుండా ఉత్త థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇచ్చేది) ఉండటం కూడా అనుమానించాల్సినవే. పాత పాలసీలు పోయాయండి అంటారు. పాలసీ నంబరు తెలిస్తే ఓనరు కంపెనీ నుంచి కాపీ మళ్లీ తెప్పించుకోగలడు. షోరూం సర్వీసు రికార్డు కూడా ఓనరునే అడిగి తెప్పించమనండి, మీకు విడిగా ఇవ్వరు.

మేం వెనక్కి వెళ్లి అడిగినప్పుడు కన్సల్టెన్సీ వాళ్లు అన్న మాట: ‘మేం మధ్యవర్తులం సార్, అమ్మింది ఓనరు. చూసుకునే కదా తీసుకున్నారు?’ ఈ ఒక్క వాక్యం మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది. పేరు మార్చే కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు పాత ఓనరువి, డబ్బు సగం నగదు, వాళ్ల పేరు మీద రసీదు ఉండదు. అందుకని డబ్బంతా బ్యాంకు ద్వారా, వాళ్ల సంస్థ ఖాతాకే పంపండి. వాళ్ల లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు రాయించుకోండి: ఈ బండి నీట మునగలేదు, టోటల్ లాస్ కింద సెటిల్ కాలేదు. మునిగిందని గానీ, అలా సెటిల్ అయిందని గానీ తేలితే పూర్తి డబ్బు వెనక్కి ఇస్తాం. నోటితో వంద ఒట్లు పెట్టేవాళ్లు ఈ రెండు వాక్యాలు రాయడానికి ఒప్పుకోకపోతే ఇక ఆ బండి గురించి మాట్లాడక్కర్లేదు. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు కొని అమ్మే డీలర్లకి రవాణా శాఖ ఇచ్చే అధికార పత్రం ఉండాలని కేంద్ర నిబంధన ఉంది. అది చూపించమనండి.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు బండి బాగుచేయించే ముందు ఆధారాలు దాచుకోండి. కార్పెట్ ఎత్తినప్పటి వీడియో, కనెక్టర్ల ఫొటోలు, షోరూం ఇచ్చే రాతపూర్వక రిపోర్టు, కన్సల్టెన్సీతో వాట్సాప్ మాటలు, అన్నీ. ఈ రిపేర్లకి ఇన్సూరెన్స్ రాదు, చిలుము పట్టి పాడైన వైరింగుకి మామూలు పాలసీలో డబ్బు ఇవ్వరు. ముందు 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. రెండేళ్ల లోపు వేయాలి. డీలరు మీద వేసే కేసు నిలబడుతుంది గానీ, తన సొంత కారు అమ్ముకున్న మామూలు మనిషి మీద అక్కడ వేయడం కష్టం. డీలరు పేరు మీద రసీదు ఉండాలని అంతగా చెబుతున్నది అందుకే. మేం హెల్ప్‌లైన్‌లో నమోదు చేశాం, వాళ్ల జవాబు కోసం చూస్తున్నాం.

కేసు ఎప్పుడు తేలినా, ఈలోపు బండి నడపక తప్పనివాళ్లు ముందు ఎయిర్‌బ్యాగ్ యూనిట్, సీటు బెల్టుల కనెక్టర్లు, స్టీరింగ్ మోటారు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఈ నాలుగూ చూపించండి. అద్దాలు, లాకులు, స్టీరియో తర్వాత చూసుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద చిన్న షాపుల్లో టెస్ట్ ల్యాంప్ (కరెంటు వస్తోందో లేదో చూసే బల్బు) పెట్టనివ్వకండి, ఎయిర్‌బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. బ్యాటరీ టెర్మినల్ తీసి, కాసేపు ఆగి పనిచేసే షోరూంలోనే అది చేయించండి. అది సరయ్యే దాకా పిల్లల్ని ఆ బండిలో ఎక్కించకండి.