నల్లగొండలో దొరికే సెంట్రియోల్ నమూనా, చార్టుల సెట్టు: కొనదగినదే, కానీ చివరి చార్టును దిద్దాలి

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌కు దగ్గర్లో కళాశాలలకు ప్రయోగశాల సామగ్రి అమ్మే ఒక దుకాణంలో కణవిభజన బోధనకు కొత్త సెట్టు ఒకటి అమ్ముతున్నారు. కణవిభజనలో క్రోమోజోములను పంచే పోగులకు కేంద్రాలను ఏర్పరిచే, గొట్టం లాంటి అతిచిన్న కణభాగం సెంట్రియోల్. విడదీసి బిగించగలిగే దాని ప్లాస్టిక్ నమూనా, గోడకు తగిలించే నాలుగు ఫ్లెక్సీ చార్టులు కలిపి రూ. 2,800. మా డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విభాగానికి దీన్ని తీసుకున్నాము. సెంట్రియోళ్ల సంఖ్యను అదుపు చేసే పీఎల్‌కే4 అనే కైనేజ్‌ను (ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌ను) తెలుగులో వివరించే బోధనోపకరణం నాకు ఇంతకుముందు కనిపించలేదు. అందుకే కొనదలచిన అధ్యాపకుల కోసం దీని గుణదోషాలను కొంత వివరంగానే రాస్తున్నాను.

సెట్టులో అన్నిటికంటే విలువైనది నమూనా. అసలు సెంట్రియోల్ పొడవు సుమారు అర మైక్రాన్ మాత్రమే. ఇక్కడ దాన్ని జానెడు పొడవున చేసి చూపారు. మూడేసి సూక్ష్మనాళికలు (సన్నని ప్రోటీన్ గొట్టాలు) కలిసిన తొమ్మిది కట్టలూ సరైన వాలుతో, గుండ్రంగా అమరి ఉన్నాయి. తల్లి సెంట్రియోల్‌కు, అంటే కణంలో ముందే ఉన్నదానికి, తొడిగే ఎర్రని వలయం ఒకటి, దాన్ని తీసేసి అదే చోట అతికించే ఎర్రని బిళ్ల ఒకటి వేరుగా ఇచ్చారు. పీఎల్‌కే4 మొదట తల్లి చుట్టూ వలయంలా చేరి, ఆ తరువాత ఒకే బిందువు దగ్గర మిగులుతుందనీ, ఎస్‌టీఐఎల్, ఎస్ఏఎస్-6 ప్రోటీన్లు అక్కడికే చేరి పిల్ల సెంట్రియోల్‌కు పునాది వేస్తాయనీ ఈ రెండు ముక్కలతో చేతికి అందేలా చెప్పవచ్చు. బిళ్ల ఉన్న చోటనే, తల్లికి లంబకోణంలో, పిల్ల సెంట్రియోల్ బిగుస్తుంది. ఒక కణచక్రంలో ఒక తల్లికి ఒక్క పిల్లే అన్న నియమాన్ని తరగతిలో మాటలతో ఎంత చెప్పినా, విద్యార్థి తన చేత్తో బిగించి చూసినప్పుడు కలిగే అవగాహన వేరు.

మొదటి చార్టు సమవిభజన దశలకు సంబంధించినది. పాఠ్యపుస్తకంలో ఉన్నదే, బొమ్మలు మాత్రం పెద్దవి. చండూరు, గట్టుప్పల్ వైపు నేతకుటుంబాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో చూసిన కండెతో పోల్చుకుని, క్రోమోజోములను పంచే పోగులతో ఏర్పడి, రెండు కొనల మధ్య ఉబ్బి ఉండే కణంలోని కండె (స్పిండిల్) ఆకారాన్ని వెంటనే గుర్తుపట్టారు.

రెండవ చార్టు పీఎల్‌కే4కే కేటాయించారు. ఈ కైనేజ్ లేకపోతే మానవ కణాల్లో సెంట్రియోళ్లు రెట్టింపు కావని 2005లో తేలిందన్న సంగతి ఇందులో ఉంది. కానీ అంతకంటే ముఖ్యమైన ఒక సంగతిని ఇందులో వదిలేశారు. పీఎల్‌కే4 అణువులు పరస్పరం ఫాస్ఫేట్లు తగిలించుకుంటాయి. ఆ గుర్తును బట్టి కణం వాటిని ప్రోటియోజోమ్‌కు (ప్రోటీన్లను ముక్కలు చేసే కణయంత్రానికి) పంపి నాశనం చేస్తుంది. అంటే ఎంత ఎక్కువగా పోగైతే అంత వేగంగా తన నాశనాన్ని తానే తెచ్చుకునే ఎంజైమ్ ఇది. సంఖ్య ఒకటి దగ్గర ఎందుకు ఆగుతుందన్న ప్రశ్నకు సమాధానంలో పెద్ద భాగం ఇదే కాబట్టి, దీన్ని వదిలేయడం నాకు పెద్ద లోపంగా తోచింది. మేము ఒక కాగితంపై బొమ్మ గీసి చార్టు కింద అతికించుకున్నాము.

మూడవ చార్టు బాగుంది. పీఎల్‌కే4 మితిమీరితే ఒకే తల్లి చుట్టూ అనేక పిల్ల సెంట్రియోళ్లు పూలరేకుల్లా మొలిచే దృశ్యాన్నీ, తరువాత ఏర్పడే బహుధ్రువ (రెండుకు మించి కొనలున్న) కండెనూ స్పష్టంగా గీశారు. అదనపు సెంట్రోసోములు (సెంట్రియోళ్ల చుట్టూ ఏర్పడే, పోగులు మొలిచే కేంద్రాలు) ఉన్న క్యాన్సర్ కణాలు చాలాసార్లు వాటిని రెండు గుంపులుగా చేర్చి విభజన పూర్తి చేస్తాయనీ, అయినా ఒకే క్రోమాటిడ్‌కు (రెట్టింపైన క్రోమోజోములో ఒక ప్రతికి) రెండు వైపుల నుంచీ పోగులు తగులుకోవడం వల్ల క్రోమోజోముల పంపకం తప్పుతుందనీ 2009లో వెలువడిన పరిశోధన చూపింది. ఆ విషయాన్ని సైతం చిన్న బొమ్మగా చేర్చడం మెచ్చుకోదగినది. అసాధారణ సెంట్రోసోములకూ కణితులకూ సంబంధం ఉండవచ్చని జీవశాస్త్రవేత్త థియోడర్ బోవెరి 1914లోనే ప్రతిపాదించిన సంగతినీ పేర్కొన్నారు.

నాకు గట్టి అభ్యంతరం ఉన్నది నాలుగవ చార్టుపైన. "పీఎల్‌కే4 పెరిగితే క్యాన్సర్, దాన్ని ఆపితే నయం" అని పెద్ద అక్షరాలతో ముద్రించారు. ఎలుకల్లో పీఎల్‌కే4ను పెంచితే కణితులు వచ్చాయని 2017లో చూపిన మాట నిజమే. కానీ మెదడులో దాన్ని పెంచిన ఎలుకలకు కణితులు రాలేదు, మెదడు పరిమాణం తగ్గింది; పీఎల్‌కే4 జన్యువుకు రెండు ప్రతులకు బదులు ఒకే ప్రతి ఉన్న ఎలుకల్లో వయసు మీరాక కాలేయ కణితులు ఎక్కువగా వచ్చాయి. హెచ్చయినా తగ్గయినా హాని ఉన్నచోట "పెరిగితే" అన్న ఒక్క మాట విద్యార్థిని దారి తప్పిస్తుంది. ఇక "నయం" అన్న మాట మరింత బాధ్యతారహితం. 2015లో పరిచయమైన సెంట్రినోన్ అనే నిరోధకంతో సెంట్రోసోములను తొలగించినప్పుడు, సాధారణ కణాలు పీ53 అనే కాపలా ప్రోటీన్ ద్వారా విభజన ఆపుకున్నాయి గాని, క్యాన్సర్ కణాలు అవి లేకుండానే విభజన కొనసాగించాయి. ట్రిమ్37 అనే ప్రోటీన్ అధికంగా ఉన్న కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాలు మాత్రం ఇటువంటి నిరోధకానికి ఎక్కువగా లొంగుతాయని 2020లో తెలిసింది. కాబట్టి ఆశ ఉన్నది కొన్ని రకాల కణితుల విషయంలోనే. మా తరగతుల్లో ఇంటిలో క్యాన్సర్ రోగి ఉండి, చికిత్స కోసం హైదరాబాద్‌కు తిరిగే కుటుంబాల పిల్లలున్నారు. వారు చదివే గోడపై ఇటువంటి హామీ ఉండకూడదు. మేము ఆ చార్టును తగిలించలేదు.

దుకాణం యజమానికి ఈ విషయం చెప్పినప్పుడు ఆయన ఓపికగా విని, దిద్దిన పాఠం రాసిస్తే తిరిగి ముద్రిస్తామన్నారు, రాసి ఇచ్చాము. కొత్త ముద్రణ వచ్చేవరకు మిర్యాలగూడ, దేవరకొండ కళాశాలల వారు నమూనాను, మూడవ చార్టును విడిగా అడిగి తీసుకోవడం మేలు. విడిగా ఇవ్వడానికి దుకాణం వారు ఒప్పుకున్నారు. నమూనాలో ఎర్రని బిళ్ల కొంచెం వదులుగా ఉంటుంది గనుక అక్కడే ఒకసారి బిగించి చూసి మరీ తీసుకోవాలి.