రొయ్యల కాటా లెక్కల్లో గూగుల్ షీట్స్ ఫిల్టర్లు: చాన్నాళ్లు వాడాక

నెల్లూరులో రొయ్యలు కొనే చిన్న ఆఫీసు మాది. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, కోట వైపు గుంటల దగ్గర కాటా అయిన సరుకంతా ఒకే షీట్‌లోకి ఎక్కుతుంది. తేదీ, మండలం, రైతు పేరు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో ఆ అంకె), కిలోలు, రేటు, బండి నంబరు, అంతే. 2022లో జిల్లాలు మారకముందు నుంచీ ఇదే పద్ధతి. కావాల్సిన వరసలే ఉంచి మిగతావి దాచే ఫిల్టర్ల సంగతి మాత్రమే రాస్తున్నా, ఎందుకంటే మా పనిలో ముప్పాతిక భాగం అదే.

ఒక్కరే వాడుకునే షీటైతే మామూలు ఫిల్టర్ చాలు. నలుగురు ఒకేసారి తెరిచేదైతే ఫిల్టర్ వ్యూ లేకుండా బతకలేం. మామూలు ఫిల్టర్ పెడితే అది అందరికీ పడుతుంది. బిల్లులు రాసే అమ్మాయి ఇందుకూరుపేట ఒక్కటే ఉంచుకుందంటే, అదే సమయంలో బండ్లు చూసుకునే కుర్రాడికి అల్లూరు వరసలు మాయం. ఇక ఫోన్లు మొదలు. ఫిల్టర్ వ్యూ అయితే ఎవరి చూపు వాళ్లది, పేరు పెట్టి దాచుకోవచ్చు. డేటా మెనూలోనే ఉంటుంది. ఒక్కో వ్యూకి విడిగా లింక్ వస్తుంది, నాకు బాగా నచ్చింది అదే. ప్లాంట్ అకౌంటెంట్‌కి ‘40 లోపు కౌంట్’ లింక్ వాట్సాప్‌లో పెడితే, ఆయన కంప్యూటర్‌లో నేరుగా అదే తెరుచుకుంటుంది. చూసే అనుమతి మాత్రమే ఉన్నవాళ్లు కూడా తాత్కాలికంగా తమ ఫిల్టర్ పెట్టుకోవచ్చు, మన షీట్‌కి ఏమీ కాదు.

అయితే ఫిల్టర్ ఎంత బాగున్నా, గళ్లలో ఎక్కించేది సరిగ్గా లేకపోతే దండగ. కౌంట్ గడిలో ‘40 కౌంట్’ అని అక్షరాలు కలిపి కొడితే అది అంకె కాకుండా పోతుంది, ‘40 లేదా అంతకన్నా తక్కువ’ అనే షరతుకి దొరకదు. ఉత్త 40 కొట్టి, నంబర్ ఫార్మాట్‌లో ‘కౌంట్’ అని తగిలిస్తే కంటికీ బాగుంటుంది, ఫిల్టరూ పనిచేస్తుంది. మండలం పేరు చివర ఒక ఖాళీ ఎక్కువ పడిందంటే ఫిల్టర్ జాబితాలో రెండు ముత్తుకూర్లు ప్రత్యక్షం. ట్రిమ్ వైట్‌స్పేస్ అనే ఆప్షన్ ఆ ఖాళీలను ఊడ్చేస్తుంది గానీ, అసలు మందు డ్రాప్‌డౌన్, అంటే గడిలో జాబితాలోంచి పేరు ఎంచుకోవడం. ఎవరినీ చేత్తో కొట్టనివ్వకూడదు. తేదీల విషయం ఇంకా మొండిది. సెట్టింగ్స్‌లో దేశం అమెరికా అని ఉంటే 03/04 అని కొట్టింది మార్చి 4 అవుతుంది, 25/03/2022 అసలు తేదీగానే తీసుకోదు. షీట్ మొదలెట్టిన రోజే ఇండియా అని మార్చుకోండి.

2022 ఏప్రిల్లో ఇంకో చిక్కొచ్చింది. గూడూరు, కోట, వాకాడు తిరుపతి జిల్లాలోకి పోయాయి, కందుకూరు ఇటు నెల్లూరులో కలిసింది. జిల్లా మీద ఫిల్టర్ పెట్టుకున్నవాళ్ల పాత ఏడాది, కొత్త ఏడాది లెక్కలు పక్కపక్కన పెడితే పొంతన ఉండదు. రొయ్యకి జిల్లాతో ఏం పని! మేం మండలం మీదే ఫిల్టర్ పెడతాం, జిల్లా గడి ఉత్త సమాచారానికే.

మొత్తాల దగ్గర జాగ్రత్త. మామూలు సమ్ ఫంక్షన్ ఫిల్టర్‌ని పట్టించుకోదు, దాగిన వరసలను కూడా కలిపేస్తుంది. ‘ఏందబ్బయా, ముత్తుకూరు ఒక్కటే ఇంత దిగిందా’ అని ఓనరు అడిగేది అందుకే. సబ్‌టోటల్ ఫంక్షన్‌లో 9 వేస్తే ఫిల్టర్‌లో మిగిలిన వరసలనే కూడుతుంది. చేత్తో దాచిన వరసలు కూడా వద్దనుకుంటే 109. ఆ గడిని శీర్షికల వరసకి పైన పెట్టండి, కింద పెడితే కొత్త సరుకు ఎక్కించే కొద్దీ అడ్డమొస్తుంది.

స్లైసర్ చూడ్డానికి బాగుంటుంది, ఓనర్లకి నచ్చుతుంది. గ్రాఫు పక్కన ఒక ఫిల్టర్ మీట లాగా కూర్చుని, అదే డేటా మీద కట్టిన గ్రాఫులనూ పివట్ పట్టికలనూ (మండలం వారీగానో రైతు వారీగానో మొత్తాలు కూడి చూపే పట్టికలు) కలిపి మారుస్తుంది. కాకపోతే దాని పెత్తనం ఆ ఒక్క ట్యాబ్ వరకే. మనం ఎంచుకున్నది ఎదుటివాళ్లకీ కనపడాలంటే దాన్ని డిఫాల్ట్‌గా సెట్ చేయాలి.

పివట్ పట్టిక లోపలి ఫిల్టర్ అంటే మాత్రం నాకు నమ్మకం తక్కువ. అందులో విలువలకు టిక్కులు పెట్టి వదిలేస్తే, తర్వాత కొత్త మండలం నుంచి సరుకొచ్చినా లెక్కలోకి రాదు, చెప్పా పెట్టకుండా బయటే ఉండిపోతుంది. మామూలు ఫిల్టర్‌లో ఇలా జరగదు, అక్కడ టిక్కు తీసేసినవే దాగుతాయి. పివట్‌లో టిక్కుల బదులు ‘ఖాళీ కానివి’ అనే షరతు పెట్టండి. మీ రిపోర్టులు ఇప్పటికే టిక్కులతో నడుస్తుంటే, ఈ సీజన్‌లో కొత్తగా చేరిన ఊళ్లు ఆ పట్టికలో ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.