చేతులు తిరగని వాక్యాల క్లాసు: లైవ్ బ్యాచ్ బాగుంది, రికార్డింగులు వద్దు

అమెరికన్ సైన్ లాంగ్వేజ్ (ఏఎస్ఎల్, అమెరికాలో వినికిడి లేనివాళ్ల చేతి సైగల భాష) నేర్చుకునేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో ఫింగర్ ఫంబ్లర్స్ క్లాసు ఒకటి చేశాను. "ఎర్ర లారీ తెల్ల లారీ" గబగబా అంటే నాలుక తడబడుతుంది చూడండి, అలా చేతులు తడబడే వాక్యాల ప్రాక్టీసు అన్నమాట. బేసిక్ కోర్సు అయిపోయి, సైన్లన్నీ తెలుసు గానీ కాస్త స్పీడు పెంచితే అవతలివాళ్లకి అర్థం కావట్లేదు అనుకునేవాళ్లు నిక్షేపంలా చేరొచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మాత్రం ఇది కాదు.

టీచర్ గారికి పుట్టుకతో వినికిడి లేదు, క్లాసంతా మాట లేకుండానే నడుస్తుంది. చెయ్యి ఎక్కడ దారి తప్పుతోందో ఆవిడ పట్టుకునే తీరు చూసి తీరాల్సిందే. ఉదాహరణకి వేసవి, అందవికారం, పొడి (తడి లేకపోవడం) అనే మూడు సైన్లు. మూడింటికీ చూపుడు వేలు చాచి, పక్కకి లాగుతూ మడవాలి. చేతి ఆకారం ఒకటే, కదలిక ఒకటే, తేడా అల్లా చోటులోనే: నుదుటి దగ్గరైతే వేసవి, ముక్కు దగ్గరైతే అందవికారం, గడ్డం దగ్గరైతే పొడి. విడివిడిగా ఎవరైనా చేసేస్తారు. వరసగా చేయించి, వరస తిప్పించి, ఆ పైన వేగం పెంచమంటారు, అప్పుడు వేలు నుదుటికీ ముక్కుకీ మధ్య ఎక్కడో ఆగిపోయి అది ఏ మాటో చూసేవాళ్లకి తెలీకుండా పోతుంది. ఆవిడ వెంటనే ఆపి, చోటు స్పష్టంగా వచ్చేదాకా నిదానంగా చేయించి, ఆ తర్వాతే స్పీడుకి ఒప్పుకుంటారు. ఏఎస్ఎల్‌ని పరిశోధించిన విలియం స్టోకీ 1960లోనే సైన్‌ని చేతి ఆకారం, చోటు, కదలిక అని విడగొట్టి చూపించారు కదా, ఈ క్లాసులో ఒక్కో వాక్యం వాటిలో ఒక్కోదాన్ని పరీక్ష పెడుతుంది.

"గుడ్ బ్లడ్, బ్యాడ్ బ్లడ్" ఇంగ్లిష్‌లో నోటికీ కష్టమే, ఏఎస్ఎల్‌లో చేతికీ కష్టమే అని భాషా శాస్త్రవేత్త సూజన్ ఫిషర్ చెప్పిన మాట నిజమని చేస్తేగానీ తెలీదు. గుడ్, బ్యాడ్ రెండూ అరచెయ్యి మనవైపు పెట్టి గడ్డం దగ్గరే మొదలవుతాయి. గుడ్‌కి ఆ చెయ్యి అలాగే వచ్చి రెండో అరచేతిలో వాలుతుంది, బ్యాడ్‌కి దారిలోనే అరచెయ్యి నేలవైపు తిరిగిపోవాలి. మధ్యలో బ్లడ్ కోసం రెండో చేతి వెనక మీదుగా వేళ్లు ఆడిస్తూ దిగాలి. అంటే ఇప్పటిదాకా వెల్లకిలా ఉన్న ఆ రెండో చెయ్యి టక్కున తిరగాలి. తడబాటు మొదలయ్యేది అక్కడే.

అంకెల వంతు ఇంకా గట్టిది. 6కి బొటనవేలు చిటికెన వేలిని తాకాలి, 7కి ఉంగరపు వేలిని, 8కి మధ్య వేలిని, 9కి చూపుడు వేలిని. వరసలో హాయిగా వస్తాయి, 7, 8 మార్చి మార్చి చేయమంటే ఉంగరపు వేలు మొరాయిస్తుంది, దాని స్నాయువులు పక్క వేళ్లతో ముడిపడి ఉంటాయి కాబట్టి. చేత్తో చూపించే ఇంగ్లిష్ అక్షరాల్లో ఎ, ఎస్, టి, ఎన్, ఎం అన్నీ పిడికిళ్లే, బొటనవేలు ఎక్కడుందన్నదే తేడా. వాటికి ఇంకాస్త టైం ఇచ్చి ఉండాల్సింది.

లోపాలు కూడా చెప్పాలి. చేతుల మీద పడిపోయి ముఖాన్ని పూర్తిగా వదిలేశారు. ఏఎస్ఎల్‌లో అవును-కాదు ప్రశ్నకి కనుబొమ్మలు పైకెత్తడం వ్యాకరణం, అలంకారం కాదు. చేతులు కష్టపడుతుంటే ముఖం బిగుసుకుపోతుంది, అది సరిచేసేవాళ్లు లేకపోతే అదే అలవాటైపోతుంది. మణికట్టుకి వార్మప్ కూడా లేదు, నొప్పి అనిపిస్తే మీరే ఆపేయండి.

రికార్డెడ్ ప్యాకేజీ జోలికి మాత్రం వెళ్లకండి. చాలా క్లిప్పుల్లో నుదురు ఫ్రేమ్ బయటే ఉంది, మరి చోటు మీదే నడిచే సైన్‌ని ఎలా నేర్చుకోవాలి? పైగా కొన్ని వీడియోలు అద్దంలో చూపించినట్టు తిప్పి పెట్టారు, కొన్ని మామూలుగా ఉన్నాయి, ఏది ఏదో ఎక్కడా రాయలేదు. ఎడమచేతివాటం వాళ్లయితే లైవ్ బ్యాచ్‌లో మొదటి రోజే చెప్పండి, ఆవిడ మీ కోసం చేతులు మార్చి చేసి చూపిస్తారు.