నల్లగొండ ఎండలో నల్ల గబ్బిలం పువ్వు: మొక్కకు నాలుగు స్టార్లు, గ్రీన్‌హౌస్‌కు ఒకటి

రెండేళ్ల క్రితం ఆగస్టులో ఒక ఆన్‌లైన్ నర్సరీ నుంచి టక్కా చాంట్రియేరి, అంటే నల్ల గబ్బిలం పువ్వు మొక్కను 650 రూపాయలకు, దానితోపాటు వాళ్లే అమ్మే పాలిథీన్ గ్రీన్‌హౌస్ కిట్‌ను 4,800 రూపాయలకు తెప్పించుకున్నాను. రెండింటినీ రెండు వేసవులు చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను.

మొక్క విషయంలో ఫిర్యాదు లేదు. వేర్లకు తడి కొబ్బరి పొట్టు చుట్టి, అట్టపెట్టెకు రంధ్రాలు పెట్టి పంపారు. మూడు ఆకుల్లో ఒకటే నలిగింది. ఆగ్నేయాసియా అడవుల్లో చెట్ల నీడన పెరిగే ఈ మొక్క మన పెండలం కుటుంబానిదే అయినా తీగ సాగదు, దూరం నుంచి చూస్తే పసుపు మొక్క అనుకుంటారు.

చిక్కంతా కిట్‌తోనే. ‘వెచ్చని గ్రీన్‌హౌస్‌లో పెంచాలి’ అని దానితో వచ్చిన కాగితంలో రాశారు. మంచు కురిసే దేశాల వారికి ఆ సలహా సరిపోతుంది గానీ, మార్చి రెండో వారానికే మధ్యాహ్నం లోపలి థర్మామీటరు 47 డిగ్రీలు చూపించింది, జిప్పులు తీసి ఉంచినా ఆకులు ఉడికిన తోటకూరలా వేలాడాయి. అమ్మినవారిని అడిగితే మొక్కకు వెచ్చదనం అవసరమని మళ్లీ అదే జవాబు. డిసెంబరు చివర రాత్రి చలి 15 డిగ్రీలకు దిగినప్పుడు మాత్రం ఆ పాలిథీన్ ఉపయోగపడిందని ఒప్పుకోవాలి. మే నెలలో అది పగిలిపోయింది.

తరువాత ఇనుప గొట్టాలను మాత్రం ఉంచుకొని, ప్రకాశం బజారులో కొన్న 75 శాతం ఎండను ఆపే ఆకుపచ్చ షేడ్ నెట్ కప్పి, పడమటి వైపు గోనె సంచులు కట్టి, పూటకు రెండుసార్లు తడుపుతూ వచ్చాను. బయట 43 ఉన్న రోజున లోపల 37 దాటలేదు. ఈ మొక్కకు వేడి కంటే పొడి వడగాలే పెద్ద శత్రువని అప్పుడు అర్థమైంది.

నీటి సంగతి కాగితంలో అసలు లేనే లేదు. బోరు నీళ్లు పోసినన్నాళ్లూ ఆకుల అంచులు మాడి, కుండ అంచున తెల్లని ఉప్పు పొర కట్టింది. నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే ఒక పద్ధతికే నల్లగొండ పేరు పెట్టారంటే మన బోర్ల సంగతి వేరే చెప్పాలా? డాబా మీది వాన నీటిని డ్రమ్ములో పట్టి పోయడం మొదలుపెట్టాక వచ్చిన ఆకులు మచ్చ లేకుండా విచ్చుకున్నాయి.

పోయిన సెప్టెంబరులో పూసింది. గబ్బిలం రెక్కల్లా నిలబడే ఆ నల్లని భాగాలు రేకులు కావు, పూగుత్తికి కాపుకాసే ఆకులు. అసలు పూలు వాటి కింద చిన్నగా, తలలు వంచుకొని ఉంటాయి. కిందికి వేలాడే మీసాల్లో పొడవైనదాన్ని టేపుతో కొలిస్తే 27 సెంటీమీటర్లు వచ్చింది. ‘ఇదేం పువ్వురా, దేవునికి పెట్టేటట్టు లేదు’ అన్నది మా అమ్మ, కానీ మూడు వారాలపాటు వచ్చినవాళ్లందరికీ చూపించింది కూడా ఆమెనే.

మొక్కను నిస్సంకోచంగా కొనవచ్చు, కిట్‌ను మాత్రం కొనవద్దు. ఆర్డరు జూలై, ఆగస్టుల్లోనే పెట్టండి. ఏప్రిల్‌లో పెడితే మొక్క కొరియర్ బండిలోనే ఉడికిపోతుంది.